లాగిన్ తెర మీది చెట్టు

భద్రాచలంలో సర్టిఫికెట్లు ఇచ్చే ఆఫీసులో సిరాజుద్దీన్ కంప్యూటర్ ఆపరేటర్. పొద్దున రాగానే మానిటర్‌ను చేతిరుమాలుతో తుడుస్తడు, కీబోర్డును బోర్లించి దులుపుతడు. ఆఫీసర్ చెప్పిండని లాగిన్ తెర మీద గుడి గోపురం పెట్టిండు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా, కిటికీకి ఓరగా పెట్టిన మానిటర్ మీద బయటివాళ్లకూ అదే కనబడేది. కిటికీ అవతల వరుసలో ఉన్న అడవి ఊళ్లవాళ్లు దాన్ని చూసి చెప్పులు విడిచి, కాలే బండల మీద నిలబడేవాళ్లు. అది చూడలేక సిరాజుద్దీన్ గోపురం తీసేసి ఇప్పచెట్టు ఫోటో పెట్టిండు. మర్నాడు జంపక్క అనే ముసలామె తెరను చూసి చెప్పులు విడిచింది.

“ఇది చెట్టే కదా అవ్వా,” అన్నడు.

“అవ్ బిడ్డా. గోపురానికి అందరిని చూసి ఇడిసినం. గిది మా దేవర.”

సిరాజుద్దీన్ ఇక ఆ చెట్టును మార్చలేదు. తన బల్లనే, బయట నీడ ఉన్న రెండో కిటికీ దగ్గరికి జరుపుకున్నడు.