మూడు వందల అరవై గీతల చక్రం

గవరపాలెంలోని ఆ లేతు మిషన్ ముందు నిలబడిన ముప్పై రెండేళ్ళలో జగదీశ్వరరావు దానిని ఒక్కనాడూ యంత్రమని పిలవలేదు. అమ్మ అనే అన్నాడు. కోటవురట్ల చెరకు పొలాల నుంచి పంతొమ్మిదేళ్ళ ప్రాయంలో వచ్చి, ఆ అమ్మ దగ్గరే ఇనుమును మలచడం నేర్చాడు. బెల్లం వండే ఊళ్ళలో చెరకు పిండే క్రషర్లకు పళ్ళచక్రాలు కోయడం అతని వృత్తి. ఇనుప దిమ్మ చుట్టూ కాగితపు పట్టీ చుట్టి, ఆ పట్టీని సమంగా మడతలు పెట్టి, మడత మడతకూ సుద్దతో గీత గీసి పళ్ళు కోసేవాడు. అతని చేతిలో చివరి పన్ను మొదటి పన్ను పక్కకు వచ్చి చక్కగా ఒదిగేది.

యాభై దాటాక చూపు మసకబారింది. సుద్దగీతలు మంచులో పైరులా అలుక్కుపోయి కనిపించసాగాయి. వరుసగా రెండు చక్రాలలో చివరి పన్ను సగమే మిగిలింది. రెండవదాన్ని చేతిలోకి తీసుకుని యజమాని త్రినాధరావు ఆ సగం పన్ను మీద బొటనవేలు ఆనించాడు.

"నీ తప్పు కాదు జగదీసూ, వయసు. మిసన్ని పాత ఇనప సామానోళ్ళకి ఇచ్చెత్తాను. సోమారం వేన్ వత్తాది."

"ఒక్క సక్రం సెయ్యనీండి బాబూ. తుమ్మపాల తాతబ్బాయిగారిది, నలభై అయిదు పళ్ళు. అది కుదరకపోతే నేనే దగ్గరుండి అమ్మని వేనెక్కిత్తాను."

"కుదిరితే?"

"కుదిరితే అమ్మ ఇక్కడే ఉంటాది."

త్రినాధరావు తల ఊపాడు.

పక్క కొట్లో టీవీలు బాగుచేసే చంద్రమౌళి ఈ మాటలన్నీ విన్నాడు. "నీ కన్ను మసకేసిందని మిసన్ ఏటి సేసింది బావా? దానికే ఒక కన్నెట్టేద్దాం" అన్నాడు.

పెళ్ళి శుభలేఖలు అచ్చువేసే చోట గాజులా తేటగా ఉండే ఫిల్మ్ మీద అంచు చుట్టూ మూడు వందల అరవై నల్లగీతలు అచ్చు వేయించారు. అరచేయంత ఆ బిళ్ళను, మిషన్‌లో తిరిగే ఇరుసు వెనుక కొసకు బిగించారు. బిళ్ళకు ఒకవైపు చిన్న దీపం; మరొకవైపు వెలుగును పసిగట్టే గాజుకన్ను. నల్లగీత అడ్డం వస్తే చీకటి, అది దాటితే వెలుగు. చీకటి విడి వెలుగు తగిలిన ప్రతిసారీ ఎర్రటి అంకె ఒకటి పెరుగుతుంది. ఎనిమిది అంకెలకు ఒక పన్ను. ఇరుసును ముందుకే తిప్పాలి, వెనక్కి తిప్పితే లెక్క చెడుతుంది.

గురువారం సాయంత్రం ఇరుసును చేత్తో ఒక్క చుట్టు తిప్పితే అంకె సరిగ్గా మూడు వందల అరవై దగ్గర ఆగింది. కాలచక్రానికి పెద్దలు చెప్పిన ఆకులూ, అంటే ఏడాది రోజులూ, అన్నే కదా అని జగదీశ్వరరావుకు ఒళ్ళు పులకరించింది. పగలూ రాత్రీ, పగలూ రాత్రీ. అరచేయంత బిళ్ళలో ఒక సంవత్సరం మెల్లగా తిరిగింది. బిళ్ళ ఆ రెప్పపాటులలో ఎంత దూరం నడిచిందో, దానితోపాటు తానూ అంత దూరం నడిచినట్లు అతడు మైమరచి చూస్తూ ఉండిపోయాడు.

శుక్రవారం ఉదయం అలవాటు ప్రకారం మిషన్ తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, మందారం ఉంచి, హారతి ఇచ్చాడు. దిమ్మను బిగించే ముందు ఎందుకైనా మంచిదని ఒక చుట్టు తిప్పాడు. మూడు వందల యాభై ఏడు. మళ్ళీ తిప్పాడు. మూడు వందల యాభై ఏడే.

"నీ టీవీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదురా. మూడు గీతలు మింగేసింది నీ కన్ను!"

"నా కన్ను మింగదు బావా. నువ్వే ఎక్కడో వణికుంటావు."

తీగలు విప్పారు, బిగించారు, దీపం మార్చారు. మూడు గీతలు మాత్రం తిరిగి రాలేదు. ఆ మధ్యాహ్నానికైనా కోత మొదలుకాకపోతే సోమవారంలోగా చక్రం పూర్తికాదు. అన్నం క్యారేజీతో వచ్చిన అతని భార్య సత్యవేణి కాసేపు చూసి, ఇరుసు వెనక్కి వంగింది.

"ఏటండీ, ఈ బిళ్ళకి కూడా బొట్టెట్టేరా?"

జగదీశ్వరరావు తన ఉంగరపు వేలి వంక చూసుకున్నాడు. ఆ పని వేలు తనంత తానే చేసింది. అంచు మీద తడి కుంకుమ గీతల నడుమ మూడు సందుల్లో ఎండి, అక్కడ వెలుగును రానివ్వడం లేదు.

చంద్రమౌళి పగలబడి నవ్వి, స్పిరిట్ దూది తీశాడు. "ఒక్క తుడుపు బావా."

"అమ్మ బొట్టు సెరిపేత్తావా? ముట్టుకున్నావంటే సెయ్యి ఇరిసెత్తాను!"

"సెరపకపోతే అమ్మే వేనెక్కెత్తాది కదా!"

జగదీశ్వరరావు ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. ముత్తైదువ నుదుట కుంకుమ చెరపడం అతని చేతికి సాధ్యంకాని పని. ఆ ఇనుప శరీరాన్ని ముక్కలుగా తూచడం చూడటమూ అంతే. సత్యవేణి కుంకుమ భరిణెను అతని ముందుకు జరిపింది. అతడు లేచి, మిషన్ తలభాగంలో, అరచేతి వెడల్పున కొత్త బొట్టు దిద్దాడు. "ఒక్క రెప్పపాటైనా నిన్ను బోసిగా ఉంచలేదమ్మా" అన్నాడు. ఆపైన వేలు నీటిలో ముంచి, బిళ్ళ మీది కుంకుమను మెల్లగా అందుకుని తన నుదుట ధరించాడు.

"ఇది తుడవడం కాదు, పుచ్చుకోడం. బాగుందండీ" అంది సత్యవేణి.

మళ్ళీ ఒక చుట్టు తిప్పితే అంకె మూడు వందల అరవై దగ్గరకు వచ్చి నిలిచింది.

ఆ తరువాత రెండు పగళ్ళు అతనికి కలలో జరిగినట్లు జరిగాయి. ఎనిమిది అంకెలు, కొయ్యి. ఎనిమిది అంకెలు, కొయ్యి. మసక కళ్ళు మూసుకున్నా ఎర్రటి వెలుగు రెప్పల మీద మెదిలేది. ఉలి కింద నుంచి ఇనుప రజను బూడిదరంగు పుప్పొడిలా రాలేది. తెరిచిన తలుపు గుండా కొత్త బెల్లం వాసన వచ్చిపోయేది. ఎన్నో పన్ను కోస్తున్నాడో అతడు లెక్కించలేదు. ఆ భారం మొదటిసారి మరొకరిది.

ఆదివారం సాయంత్రం త్రినాధరావు వచ్చి, తాతబ్బాయి క్రషర్ నుంచి విప్పి తెచ్చిన చిన్న చక్రాన్ని కొత్తదానికి ఆనించి తిప్పాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. ఎక్కడా పట్టుకోలేదు, ఎక్కడా జారలేదు. మొదటి పన్ను ఏదో చివరిది ఏదో చెప్పమని అడిగాడు.

"నాకూ తెలీదు బాబూ" అన్నాడు జగదీశ్వరరావు.

త్రినాధరావు ఫోన్ తీశాడు. "సోమారం వేన్ పంపకు... లేదు, మాటంటే మాటే, అమ్మట్లేదు" అంటూ వాకిట్లోకి నడిచాడు. జగదీశ్వరరావు నూనె డబ్బా వంచి, ఇరుసు పక్కనున్న చిన్న రంధ్రంలో ఒక్కొక్క చుక్కే వేయసాగాడు.