బిందెలో ఉంగరం

థూ, అదీ ఒక సినిమానేనా! కొత్తగా పెళ్లైన మొగుడు పేకముక్కల పత్తాలాటలో పెళ్లాం నగలన్నీ ఊడ్చిపెడతాడట. ఆమె కాసేపు మూతి ముడిచి, రెండు పాటలు పాడి, మళ్లీ వాణ్నే వాటేసుకుంటుందట. జనగామ థియేటర్లో జనం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే సౌజన్య తెర మీంచి చూపు తిప్పేసుకుంది. పక్క సీట్లో మొగుడు క్రాంతి అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు.

సౌజన్యది పెద్దవంగర. తండ్రి లేడు. తల్లి మిరపకాయలు ఏరే కూలికి పోయి, రాత్రిళ్లు మండే చేతుల్ని మజ్జిగలో ముంచుకుంటూ ఏడేళ్లు కష్టపడి చేయించిన పుస్తెలతాడు ఆమె మెడలో ఉంది. పదో తరగతి నుంచే కుట్టుమిషన్ తొక్కి తన చదువు తానే గట్టెక్కించుకున్న పిల్ల. కొడకండ్లకు కోడలిగా వచ్చి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో పెళ్లికి పెట్టిన వాచీ క్రాంతి పత్తాలాటలో పోయింది, బండి పోయింది, నిన్న ఆమె కుట్టుమిషన్ కూడా పోయింది. మిషన్ పోయిన మర్నాడే సినిమాకు తీసుకొచ్చాడంటే ఏదో మతలబు ఉందని ఆమెకు తెలుసు.

ఇంటర్వెల్లో సమోసాలు తెచ్చి అసలు సంగతి కక్కాడు.

“చూడు, ఆఖర్కి హీరోనే గెలుస్తడు. గా పుస్తెలతాడు ఒక్కరోజుకియ్యి. పోయినయన్నీ తెస్త.”

“తెస్తవని ఎట్ల నమ్మాలె?”

“నా చెయ్యి గసొంటిది. పెండ్లినాడు బిందెల ఉంగరం మూడుసార్లు నాకే దొరకలేదా? పందిట్ల అందరు చూసిన్రు.”

ఛీ, ఆ ఉంగరం! ఆట దగ్గర కూర్చున్న ప్రతిసారీ వీడు చెప్పుకునే గొప్ప అదే. ఆ రోజు పసుపునీళ్ల బిందెలో ఇద్దరూ చేతులు పెట్టగానే ఉంగరం తగిలింది సౌజన్య వేళ్లకే. వెనక నుంచి తన పెద్దమ్మ ఓదెమ్మ వంగి, “మొగపిల్లగాడు నలుగుట్ల చిన్నపోవద్దు బిడ్డా, ఇడిచిపెట్టు” అని చెవిలో గొణిగింది. సౌజన్య అతని వేళ్లకు అందేలా విడిచిపెట్టింది. రెండోసారీ, మూడోసారీ అంతే. అతను ఉంగరం పైకెత్తి చూపిస్తుంటే మురిసిపోయింది కూడా. ఇప్పుడు తలచుకుంటే తన మీద తనకే రోత పుట్టింది.

“గా ఉంగరం మూడుసార్లు నాకే దొరికింది. నేనే నీ ఏళ్ల సందుల పెట్టిన” అంది.

క్రాంతి నవ్వాడు. ఆమె ముఖం చూసి ఆపేశాడు.

“అబద్ధం.”

“ఓదెమ్మ పెద్దమ్మనడుగు. ఇడిచిపెట్టుమన్నది ఆమెనే.”

బెల్లు మోగింది. జనం లోపలికి పోతున్నారు. అతను సమోసా చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

“మూడుసార్లా?” అన్నాడు గొంతు తగ్గించి.

“మూడుసార్లు. నాలుగోసారి ఇయ్య.”

పుస్తెలతాడును జాకెట్ లోపలికి తోసుకుని సౌజన్య బస్టాండు వైపు నడిచింది. కొడకండ్ల వచ్చినా దిగలేదు. తల్లి ఉండే పెద్దవంగర దాకా ముందే టికెట్ తీసుకుంది.