ఒక్కకుట్టు మాస్టారూ, అడవి బాతులూ

ఆ వీధిలో దర్జీని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చిన్నాపెద్దా అందరికీ ఆయన ఒక్కకుట్టు మాస్టారే. ఇల్లు కూలిపోతోందని చెప్పినా "ఈ ఒక్క కుట్టూ అయిపోనీ" అంటాడే తప్ప మిషను మీదినుంచి లేవడు మహానుభావుడు. కింద కొట్టు, పైన ఇల్లు. పైన కిటికీ పక్కన కూర్చుని ఆయన భార్య కాజాలు కుడుతుంది. ఆమెవి పాముచెవులు.

చలి మొదలయ్యాక ఏటా అడవి బాతులు ఆ వీధి మీదుగానే ఊరి బయటి చెరువుకి వెళతాయి, బారులు బారులుగా, అరుచుకుంటూ. ఆమె చేతిలో చొక్కా అక్కడే పడేసి గబగబా మెట్లు దిగేది.

"ఏమండీ, వచ్చాయి! రండి!"

"ఇదిగో, ఈ ఒక్క కుట్టూ అయిపోనీ."

కుట్టు పూర్తయి ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి ఆకాశం ఖాళీ. పెళ్లయిన నాటినుంచీ ఇదే తంతు. ఎక్కడెక్కడినుంచో ఎగిరొచ్చే పిట్టలు వేళకి వస్తాయి గానీ, ఈయనగారు మాత్రం వాకిట్లోకి రాలేడు!

కిందటేడు చాలా పెద్ద గుంపు వచ్చింది. వీధి మీద ఓ చుట్టు తిరిగి మరీ వెళ్లింది. జనమంతా బయట ఉంటే ఈయన లోపల జేబు అతుకుతున్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది.

"నేనేమన్నా బంగారం అడిగానా? పక్కన నిలబడి చూడమన్నాను. ఇక నా నోటితో పిలవను. చూస్తే చూడండి, లేకపోతే మానండి" అంది. అన్నదంటే అన్నదే, ఆమె సంగతి ఆయనకి తెలుసు.

అందుకే ఈసారి చలి పడగానే మాస్టారి గుండెల్లో రాయి పడింది. బాతులు పోతే పోయాయి, ఆమె పిలవకుండా ఊరుకుంటుందే, అది ఆయన తట్టుకోలేడు. ఈసారి తనంతట తానే వినాలి, వెళ్లి ఆమె పక్కన నిలబడాలి. కానీ మిషను చప్పుడులో ఏం వినబడి చస్తుంది? నాలుగు కుట్లు వేయడం, కాలు ఆపడం, చెవులు రిక్కించడం. కాకి అరిచినా పరుగే, సైకిలు బ్రేకు కీచుమన్నా పరుగే. ఆమె పైనుంచి మూతి బిగించుకుని చూస్తూనే ఉంది. అది కోపమో, నవ్వు ఆపుకోవడమో ఆయనకి అంతు చిక్కలేదు.

ధ్యాస ఆకాశంలో ఉంటే పని ఎలా ఏడుస్తుంది? బస్సు కండక్టరు కోటుకి రెండు చేతులూ ఎడమవే కుట్టి పెట్టాడు! చేయి తిరిగిన దర్జీ చేయాల్సిన పనేనా అది? కండక్టరు తొడుక్కుని అద్దంలో చూసుకుని గుడ్లు తేలేశాడు.

"ఏంటి మాస్టారూ, నేను ముందుకి నడుస్తుంటే ఈ చెయ్యి వెనక్కి పోదామంటోంది?"

మాస్టారు నాలుక కరుచుకుని, కుట్లు విప్పి, ఆ చెయ్యి తిప్పి, ఒంటి మీదే గుండుసూదులు గుచ్చడం మొదలుపెట్టాడు. అప్పుడు వినిపించింది. దూరంగా, బొంగురుగా, ఒకటి అడిగితే ఇంకోటి బదులు చెబుతున్నట్టు.

"కదలకండి!" అని కండక్టరుకి చెప్పి తను మాత్రం వీధిలోకి దూకాడు, మెడలో టేపుతో సహా. తలెత్తాడు. అమ్మో, ఇన్ని ఉంటాయా! బాణం మొనలా సాగే వరసకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. ముందున్న బాతు అలసి వెనక్కి తగ్గితే ఇంకోటి దాని చోటులోకి జరిగింది.

"ఏమే! వచ్చాయే! కిందికి రా!"

కిటికీలో ఎవరూ లేరు. కుట్టిన చొక్కాలు ఇచ్చిరావడానికి ఆమె వీధి చివరికి వెళ్లిందని అప్పుడు గుర్తొచ్చింది. మొదటి వరస ఇళ్ల కప్పులు దాటిపోయింది. ఒక్కడే చూస్తుంటే ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్లూ ఆమె ఇలాగే నిలబడిందన్నమాట.

అంతలో మలుపు తిరిగి ఆమె వచ్చింది. రావడం కాదు, పరుగు! ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో.

"ఏమండీ! ఆ మిషను ఆపండీ! వచ్చాయండీ!"

నడివీధిలో మొగుణ్ని చూసి టక్కున ఆగిపోయింది. రొప్పుతూ వచ్చి పక్కన నిలబడింది.

"మిమ్మల్నెవరు పిలిచారు?"

"నువ్వే. ఇన్నేళ్లూ పిలిచావుగా. ఇప్పటికి వినబడింది."

ఆమెకి నవ్వూ ఆగలేదు, కన్నీళ్లూ ఆగలేదు. తలల మీదికి రెండో వరస వచ్చింది. కొట్టు గుమ్మంలో కండక్టరు, వేలాడుతున్న కోటు చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, నా చెయ్యి సంగతేంటి?"

"ఉండండి బాబూ, ఈ ఒక్క వరసా పోనీండి" అన్నాడు ఒక్కకుట్టు మాస్టారు, ఎత్తిన తల దించకుండానే.