పురుగుల గదిలో ఇంజను

మొన్న మా కారు మళ్లీ ఆగిపోయింది. వారంటీ ఉన్నన్నాళ్లూ బుద్ధిగా తిరిగిన బండి, గడువు దాటిందో లేదో మూలగడం మొదలుపెట్టింది. ఒకసారి ఎర్రలైటు వెలిగితే బాగుచేయించాము, మళ్లీ వెలిగింది. బెంగళూరులో సర్వీసు సెంటరువాళ్లు నన్ను చల్లటి గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, కాసేపటికి రేకు పళ్లెంలో అప్పుడే కడిగిన ఇనుప భాగమొకటి తెచ్చి, "ఇదీ మేడమ్ సంగతి" అని ముక్కు కిందికి జరిపారు. దాని నుంచి గుప్పుమని కిరసనాయిలు వాసన వచ్చింది. నేను కాఫీ అక్కడే వదిలేసి రోడ్డు మీదికి వచ్చేశాను. ఖర్చు విని బెదిరిపోయానని వాళ్లు అనుకుని ఉంటారు. నాకు ఇంజన్లంటే అసహ్యం. ఆ మాట చెబితే ఇంట్లో నవ్వుతారు గానీ, ఆ అసహ్యానికి నా చిన్నతనమంత వయసుంది.

తొంభైల్లో మేము పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో ఒక పల్లెలో ఉండేవాళ్లం. రోడ్డు పక్కనే మల్బరీ తోట, తోటలో బోరు, దాని వెనక రెండు గదుల మిద్దె. పెద్ద గది పట్టుపురుగులది, చిన్న గది మాది. పెద్ద గదిలో గోడ నుంచి గోడ దాకా కట్టెల అరలు, అరల నిండా వెదురు తట్టలు, తట్టల నిండా తెల్లగా మెత్తగా పాకే పురుగులు, వాటికి పగలూ రాత్రీ ఆకు వేసే మా అమ్మ. తడి ఆకు, తడి గోనెపట్టా, పురుగుల పెంటికలు కలిసి పులిసినట్టుండే ఆ వాసన మా బట్టల్లో, పలకసంచుల్లో, చివరికి అన్నంలో కూడా ఉండేది. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. తెల్లారి దుప్పటి విదిలిస్తే దారి తప్పిన పురుగొకటి చల్లగా అరచేతిలో పడేది, నేను ఊరంతా వినబడేలా కేక పెట్టేదాన్ని.

పురుగు మహా సుకుమారం. మనుషులకు లేని మర్యాదలన్నీ దానికి కావాలి. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, ఆ గది గడప దగ్గర బ్లీచింగు పొడి కలిపిన నీళ్ల గంగాళం పెట్టుకుని కాపలా కూర్చునేది. చెప్పులు బయట విడవాలి, ఆ నీళ్లలో కాళ్లు కడుక్కోవాలి, అప్పుడే లోపలికి. బీడీ తాగే మా మామ వస్తే రోడ్డవతలే కూర్చుని అక్కడి నుంచే యోగక్షేమాలు అరిచి అడిగేవాడు. పురుగు నాలుగుసార్లు తిండి మానేసి కుబుసం విడుస్తుంది, దాన్ని మా పక్క జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగు ఇక గూడు కట్టేదాకా తింటూనే ఉంటుంది, ఆ రోజుల్లో ఇంట్లో తిరగమోత కూడా వేయనిచ్చేది కాదు అవ్వ. ఉగాది సరిగ్గా ఆ రోజుల్లో వచ్చి పడితే, తోట చివర రాళ్లపొయ్యి మీద ఓళిగలు కాల్చుకుని, గాలికి చల్లారేలోపు నెయ్యి కారుతూ అక్కడే తిని, మూతులు కడుక్కుని దొంగల్లా ఇంట్లోకి వచ్చేవాళ్లం. పంట తీశాక పురుగులు గూళ్లు కట్టిన చంద్రికలను, అంటే వెదురుతో అల్లిన పెద్ద చాపలను, తోటలో ఎండకు నిలబెట్టేవాళ్లు. నేనూ తమ్ముడూ వాటి వెనక దాగుడుమూతలు ఆడుకునే ఆ నాలుగు రోజులూ మాకు అసలైన పండగ.

అమ్మకు ఒకటే కోరిక. బోరు పక్కన పురుగులకు వేరే షెడ్డు వేయాలి. "వాటిల్లు వాటికుంటే మన ఇల్లు మనకుంటాది" అనేది. ఈ పంట డబ్బు చేతికి రాగానే, కాదంటే వచ్చే పంట రాగానే, అని వాయిదాలు వేసుకుంటూనే పునాదికని గుట్ట దగ్గర నుంచి బండలు తోలించి బోరు పక్కన పేర్పించింది. నాకు ఆ బండల మీద ఎంత ఆశో చెప్పలేను. పెద్ద గది మాదవుతుంది, పుస్తకాలకు గూడు దొరుకుతుంది, స్నేహితులను ఇంటికి పిలవచ్చు. సాయంత్రాలు వాటి మీదెక్కి కూర్చుని అక్కడ షెడ్డు తలుపు ఎటు ఉండాలో అమ్మా నేనూ వాదించుకునేవాళ్లం.

ఆ షెడ్డుకు అడ్డంగా కారు వచ్చి నిలబడింది. అంతకుముందు నాయన పట్టుగూళ్లను గోనెసంచుల్లో నింపి బస్సు మీద వేసుకుని హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోయేవాడు. కండక్టరుతో ప్రతిసారీ గొడవ, సంచులు నలిగిపోతే మార్కెట్టులో చిన్నచూపు. మార్కెట్టు గేటు దగ్గర కారు దిగాలని ఆయనకు ఎప్పటి నుంచో ఉండేది. ధర్మవరంలో పట్టుచీరలమ్మే ఆసామి ఒకడు కొత్త కారు కొనుక్కుని పాతది వదిలించుకోవాలని చూస్తున్నాడు. కంపెనీ వారంటీ ఎప్పుడో ముగిసిందని నాయనకు తెలుసు, అడిగాడట కూడా. "కంపెనీ మాట అయిపోయినాదప్పా, నా మాట ఉండాది కదా" అన్నాడట ఆ పెద్దమనిషి. నాయన ఆ మాటను పట్టుకుని కారును ఇంటికి తెచ్చాడు. నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ పగలగొట్టి, బోరు పక్కన బండలకు ఆనించి నిలిపాడు.

ఆ తెల్ల కారంత రోత పుట్టించిన వస్తువు నా బతుకులో ఇంకోటి లేదు. పెనుకొండ దగ్గర ఎగువ రోడ్డు ఎక్కగానే ఇంజను కాగిపోయి, ముందు నుంచి ఆవిరి చిమ్మి, ఉడికిన తుప్పునీళ్ల కంపు లోపలికి కొట్టేది. ఎండకు కాలిన రెక్సిన్ సీటు తొడలకు అతుక్కుంటే, నేను కిటికీలోంచి తల బయటపెట్టి కక్కుకునేదాన్ని. నాయనకు మేము కనబడేవాళ్లం కాదు. బానెట్టు ఎత్తి, జబ్బుచేసిన ఆవు కడుపుకు చెవి పెట్టినట్టు తల వంచి నిలబడేవాడు. ఒకసారి పొగ, ఒకసారి నూనె కారడం, ఒకసారి ఎంత తోసినా చప్పుడు లేకపోవడం, కానీ తిరిగి తిరిగి మళ్లీ ఆ కాగడమే. హిందూపురంలో మెకానిక్కు మస్తాన్ ప్రతిసారీ అంతే నమ్మకంగా చెప్పేవాడు: "పోయిన తూరి మనం అనుకున్నది కాదబ్బా అది. ఇప్పుడు దొరికింది చూడు దొంగ." ఆ దొంగ ఎప్పుడూ దొరుకుతూనే ఉండేది, కారు ఎప్పుడూ ఆగుతూనే ఉండేది. షాపు ముందు నేనూ తమ్ముడూ ఉగ్గాని, బజ్జీలు తిని, గ్రీజు పూసుకున్న టైరు మీద కూర్చుని, సాయంత్రం బస్సుకు ఇల్లు చేరేవాళ్లం. ఒకసారైతే గూళ్ల సంచులు డిక్కీలో ఉండగానే మిట్టమధ్యాహ్నం ఆగిపోయింది. పొద్దు వాలేసరికి లోపలి పురుగులు ఉడికి, పగిలి, తెల్లటి గూళ్ల నిండా గోధుమరంగు మరకలు. మార్కెట్టులో సంచి విప్పగానే కొనేవాళ్లు మొహం తిప్పుకున్నారు.

అమ్మ కంటి మీద కునుకు లేకుండా పెంచిన పంట పంటంతా ఆ ఇంజను నోట్లోకి పోయేది. ఈ ఒక్కసారి చేయిస్తే మళ్లీ జన్మలో చూసుకోనక్కర లేదని నాయన ప్రతిసారీ మనస్ఫూర్తిగా నమ్మేవాడు. చివరికి పునాదికి తెచ్చిన బండలు కూడా ఆయనకు పనికొచ్చాయి. ఒకటి వెనక చక్రం కింద అడ్డు, రెండు జాకీ కింద ఎత్తు, ఒకటి మస్తాన్ కూర్చునే పీట. వాటి మీద నల్లటి నూనె మరకలు పడ్డాయి. నేను వాటి మీద కూర్చోవడం మానేశాను.

ఆ ఏడు ఆషాఢంలో పురుగు బ్రహ్మాండంగా వచ్చింది. నాలుగో జ్వరం లేచి, వేసిన ఆకు వేసినట్టే నమిలేస్తోంది, ఇంకో రెండు మూడు రోజుల్లో గూళ్లకు ఎక్కుతుంది. ఈ పంట మార్కెట్టుకు బస్సులోనే పోవాలని, దీంతో షెడ్డే వేయాలని అమ్మ గట్టిగా చెప్పింది. నాయన ఒప్పుకున్నాడు. కారు ఎటూ కదలకుండా పడి ఉంది కాబట్టి ఒప్పుకోక తప్పలేదు. మస్తాన్ ఇంటికే వచ్చి, ఇంజను పై భాగమంతా విప్పదీసి, కావలసిన సామాను కోసం ధర్మవరం బస్సెక్కుతూ నాయనకు చెప్పిపోయాడు: "అన్నీ కిరసనాయిలుతో కడిగి పెట్టు. దుమ్ము మాత్రం తగలనియ్యొద్దప్పా, ఒక్క ఇసుకరేణువు పడినా మళ్లీ మొదటికే."

మా పక్క ఆషాఢపు గాలి గురించి తెలిసినవాళ్లకు చెప్పనక్కర లేదు. కళ్లు తెరవనివ్వదు, కంచంలో ఇసుక కరకరలాడుతుంది, చిన్న గదిలో మా పక్కల మీద వేలితో పేరు రాసుకోవచ్చు. అమ్మా అవ్వా నేనూ తోటలో ఆకు కోస్తున్నాము. నాయన సామాన్లన్నీ పెట్రోలుతో ఒకసారి, కిరసనాయిలుతో ఒకసారి శుభ్రంగా కడిగాడు. దుమ్ము లేని చోటు కోసం చూశాడు. కిటికీలకు సన్నటి వలలు, తలుపుకు తడి గోనెపట్టా కట్టిన చోటు మా ఇంట్లో ఒకటే ఉంది.

మేము ఆకు మోపులతో వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అమ్మ గోనెపట్టా తొలగించి గడప మీదే ఆగిపోయింది. గదిలో నమిలే చప్పుడు లేదు. కిరసనాయిలు కంపు మొహానికి కొట్టింది. పురుగులు తలలెత్తి పిచ్చిపట్టినట్టు ఊపుతూ, నోటి నుంచి పచ్చటి నీళ్లు కక్కుకుంటున్నాయి. కొన్ని తట్టల అంచులు దాటి నేల మీద పడి మెలికలు తిరుగుతున్నాయి. కింది అరలో రెండు తట్టలు ఖాళీ చేసి, వాటిలో కొత్త తువ్వాలు పరిచి, దాని మీద వరసగా తళతళలాడుతున్న ఇంజను భాగాలు. ఆ తట్టల్లో ఉండాల్సిన పురుగులను నాయన ఆ చేతులతోనే ఎత్తి మిగతా తట్టల్లోకి సర్దాడు.

"ఏం పెట్టినావు ఈడ?" అంది అమ్మ.

వెనకే వచ్చిన నాయనకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. "ఇంజను సామాన్లు. బయట దుమ్ము కదా" అన్నాడు. ఆమె మొహం చూసి, "కాళ్లు కడుక్కునే వచ్చినాను" అన్నాడు.

నిజమే, కడుక్కున్నాడు. గంగాళం చుట్టూ తడి ఇంకా ఆరలేదు. చెప్పులు పద్ధతిగా బయట విడిచి, బ్లీచింగు నీళ్లలో కాళ్లు ముంచి, కిరసనాయిలు కారుతున్న ఇనుమును రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చాడు. అవ్వ నెత్తి కొట్టుకుంటూ "ఒరేయ్, తలుపులు తియ్యి, గాలి రానియ్యి" అని అరిచింది. నాయన తలుపు దగ్గరికి పోలేదు. ముందు అరలోంచి ఇంజను భాగాలు తీసి, గాలికి దుమ్ము పడకుండా తువ్వాలుతో కప్పి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని బయటికి తీసుకుపోయాడు. ఆ తర్వాతే కిటికీలు తెరిచాడు. కక్కుకుంటున్న పురుగులకంటే ఆ తువ్వాలును చూసి నాకు ఎక్కువ డోకు వచ్చింది.

తోట చివర గుంత తీసి, సున్నం చల్లి, తట్ట వెనక తట్ట అందులో కుమ్మరించాము. నేను అంతవరకూ పురుగును కావాలని ముట్టుకున్నదాన్ని కాదు, ఆ సాయంత్రం దోసిళ్లతో ఎత్తిపోశాను. మస్తాన్ సామానుతో తిరిగి వచ్చి ఇంజను బిగించాడు. కారు ధర్మవరం దాకా పోయి వస్తూ పెనుకొండ ఎగువన మళ్లీ కాగింది. అమ్మ ఇంకో పంట పెట్టలేదు. మల్బరీని కూలీలతో పాటు తానూ నిలబడి వేళ్లతో సహా పెరికించి, శనక్కాయ వేయించి, హిందూపురంలో బట్టలు కుట్టే కంపెనీలో పనికి చేరింది. రోజూ బస్సులోనే పోయేది. తట్టలకు చెదలు పట్టాయి. పెద్ద గది ఇలా మాదైంది. ఆ వాసన పోవాలని ఎన్నాళ్లో మొక్కుకున్న నాకు, తీరా పోయాక ఆ గదిలో కూర్చుని చదువుకోవాలంటే మనసొప్పేది కాదు. రెండు వేల సంవత్సరం దాటాక కారును పాత ఇనుము వాళ్లు లాక్కుపోయారు. షెడ్డు లేవనే లేదు.

సర్వీసు సెంటరు గొడవ తర్వాత వచ్చిన ఆదివారమే ఊరికి వెళ్లాను. తోట ఉన్నచోట ఇప్పుడు రంగు రాళ్లు పాతిన ప్లాట్లు. రోడ్డు వెడల్పయింది. దాని మీద కొత్త కార్లను వరసగా మోసుకుంటూ పెద్ద ట్రెయిలర్లు పోతుంటే నాయన వసారాలో కుర్చీ వేసుకుని చూస్తూ ఉంటాడు. ఊళ్లో ఇప్పటి పిల్లలకు జ్వరమంటే మనుషులకు వచ్చేదే తెలుసు. చంద్రికలు అల్లేవాళ్లు లేరు, గడప దగ్గర గంగాళం పెట్టుకుని కూర్చునే అవ్వలూ లేరు.

నా కారు సంగతి చెప్పగానే నాయన కుర్చీలో ముందుకు జరిగాడు. కళ్లు వెలిగాయి. కాగుతోందా, నీళ్లు తగ్గుతున్నాయా, పొగ ఏ రంగు, అన్నీ అడిగాడు. అడిగి అడిగి, తానే ఆ రోజు దగ్గరికి వచ్చాడు.

"మస్తాన్‌గాడు బిగించేది సరిగ్గా బిగించలేదు పాపా. నా పక్క తప్పేమీ లేదు. గుర్తుండాదా నీకు? అంత గాలిలో, ఒక్క రేణువు దుమ్ము పడనీలేదు నేను."

గర్వంగానే అన్నాడు. కాఫీ గ్లాసుతో వచ్చిన అమ్మ గుమ్మంలో ఆగి ఆ మాట విన్నది. గ్లాసు ఆయన చేతికిచ్చింది.

"అవును, దుమ్ము పడలేదు" అని లోపలికి పోయింది.