ఆయమ్మ తాళంచెవి

కడప నుంచి రాజంపేట పోయే బస్సులో నా పక్కన కూర్చున్నతను కార్లకు మారు తాళంచెవులు చేస్తాడట. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు నా చేతిలో పోసి, తన పనితనం చెప్పసాగాడు.

“కారు కంప్యూటర్‌లో తాళంచెవి గుర్తు తీసేస్తే, ఇంక దాంతో బండి స్టార్టే కాదప్పా. నిన్న ఒకాయన పిలిపించి, పెండ్లాం తాళంచెవి పనిచేయకుండా చేయమన్యాడు. చేసినా. ఆయమ్మ బిడ్డను ఎత్తుకోనొచ్చి ఎన్నితూర్లు తిప్పినా బండి కదల్లే.”

చేత్తో తిప్పి చూపిస్తూ నవ్వాడు.

“యాడికి పోవల్లనుకునింది?” అన్నాను.

“పుట్టింటికేమో. మొగమంతా వాచిపోయిండాది.”

“నువ్వు చూసినావా?”

“చూడకేం! నా పని బండితోనే కదప్పా.”

నోట్లోని వేరుశనగ గింజలు కిటికీలోంచి ఉమ్మేసి లేచాను. వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోబుద్ధి కాలేదు. రాజంపేట దాకా నిలబడే పోయాను.