మళ్లీ మొదటికి తిప్పిన చెయ్యి

రాజమండ్రిలో డిష్‌లు బిగించే రోజుల్లో నాకు కాస్త పొగరుండేది. నేను చెయ్యి పెట్టాక బొమ్మ రాని ఇల్లు లేదని చెప్పుకునేవాణ్ణి. ఆ పొగరుతోనే ఒమన్ వచ్చాను. మొదటి సైట్‌లోనే బొమ్మ రాక పరువు పోయింది. రెండోది ఇబ్రిలో వర్కర్ల క్యాంపు. అదీ కుదరకపోతే ఇంటికి పంపేస్తానని ముదీర్, అంటే మా బాసు, తెగేసి చెప్పాడు. మధ్యాహ్నం నమాజు అయ్యాక తనే వచ్చి చూస్తానన్నాడు.

మేడ మీద ఎండ మాడు పగలగొడుతోంది. మీటర్లో సిగ్నల్ నిండుగా ఉంది, క్వాలిటీ మాత్రం సున్నా, అది లేనిదే బొమ్మ రాదు. డిష్‌ని అటూ ఇటూ జరిపాను, కేబుల్ మార్చాను, రిసీవర్‌ని తిట్టాను. డిష్ ముందు కడ్డీకి ఉండే ఎల్‌ఎన్‌బీ, అదే సిగ్నల్ పట్టే చిన్న డబ్బా, దాని జోలికి మాత్రం పోలేదు. మా ఊళ్లో దాన్ని నిటారుగా బిగిస్తే చాలు. ఏళ్ల తరబడి అలాగే బిగించాను.

కంపెనీ వ్యాను నడిపే బలూచీ పెద్దాయన నీళ్ల సీసాతో పైకొచ్చాడు. నన్ను ముహందిస్, అంటే ఇంజనీరు, అని ఆటపట్టించేవాడు. కాసేపు చూసి, స్పానర్ అడిగి, డబ్బా పట్టీ వదులు చేశాడు. వేళ్లతో కొద్దికొద్దిగా తిప్పాడు. అది సగం ఒరిగేసరికి క్వాలిటీ జివ్వున ఎగబాకింది.

మీ చానళ్ల ఉపగ్రహం మీ ఊరికి ఎదురుగా ఉంది, మాకు పక్కకి ఉంది, డబ్బా కూడా అంత ఒరగాలి కదా అన్నాడు హిందీలో. ఎందరో టెక్నీషియన్లను సైట్లకు తీసుకెళ్తూ, చూసి నేర్చుకున్నాడట. నాకు సిగ్గేసింది. చదువు లేని ఆ చేతులకు దండం పెట్టాలనిపించింది.

పట్టీ బిగించబోతున్నాను. ఆయన నా చెయ్యి ఆపి, కుదిరిన డబ్బాని మళ్లీ నిటారుగా తిప్పేశాడు. మీటర్ సున్నాకి పడిపోయింది.

"ఇప్పుడు నువ్వు తిప్పు, బేటా," అన్నాడు.

చెమటలు కక్కుతూ తిప్పాను. ఒకసారి దాటిపోయింది, వెనక్కి తెచ్చాను. దొరికింది. బిగించాను.

ముదీర్ వచ్చి చానళ్లన్నీ మార్చి చూశాడు. ఇది ఎవరు చేశారని నన్ను కాదు, పెద్దాయన్ని అడిగాడు. ముహందిసే చేశాడు, నేను కళ్లారా చూశాను అన్నాడాయన. ఈసారి ఆ పిలుపులో వెటకారం లేదు. అబద్ధం చెప్పడం చేతకాని ఆ మనిషి, నా కోసం ఆ ఒక్క మాటని ముందే నిజం చేసి పెట్టుకున్నాడు.