మూడున్నర అడుగుల కిటికీ

ఏలూరులో ఇంజనీరు ఆఫీసులో ప్లాన్లు గీసే ట్రేసరుగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. గీత గీస్తే తిరుగులేదన్న పొగరు కూడా ఉండేది. పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట ఇది. ఇప్పటికీ ఎవరైనా నన్ను "బళ్లు కట్టించిన పెద్దమనిషి" అంటే ఒళ్లు మండుతుంది. నేను కట్టించిన బడి సంగతి నాకు తెలుసు.

కొల్లేటి లంకల్లో ఒక ఊళ్లో ఇంకా పలక పట్టని పసివాళ్ల కోసం ఒక గది కట్టాలని పైనుంచి కాగితం వచ్చింది. తల్లిదండ్రులు చేపల వేటకు వెళితే పిల్లల్ని అందులో కూర్చోబెట్టి ఆడించాలట, పాటలు నేర్పాలట. స్థలం కొలవడానికి నన్ను పంపారు. దోనె దిగేసరికి పంచె మోకాళ్ల దాకా తడిసింది.

టేపు రెండో కొస పట్టుకోవడానికి ఆ ఊరి ఆడమనిషి ఒకామె వచ్చింది. ఆమెదీ చేపల వేటే. మూడేళ్లు దాటిన కూతురు ఆమె కొంగు వదలడం లేదు. కిటికీలు ఎటు పెడతారని అడిగింది. కొల్లేరు వైపు అన్నాను.

"అయితే కిందకి పెట్టండి బాబుగారూ. నేను దోనెలో కనపడతా ఉంటే ఇది బుద్ధిగా కూకుంటదండి. కనపడకపోతే ఎతుక్కుంటా నీళ్లలోకి దిగిపోతదండి. ఈ ఏడు రెండుసార్లు జుట్టు పట్టుకుని పైకి లాగానండి."

నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్ల కళ్ల ఎత్తు కొలిచాను. రెండడుగుల ఏడంగుళాలు. కిటికీ గట్టు రెండడుగుల్లో పెడతానని మాట ఇచ్చాను. ఆఫీసుకు వచ్చి, ఎవరూ అడగకపోయినా మెట్లు కూడా పిల్లల కాళ్లకు అందేట్టు గీశాను. నా ఉద్యోగమంతటిలో ఇష్టపడి గీసిన ప్లాను అదొక్కటే.

ఇంజనీరుగారు చూసి నవ్వారు.

"ఏవయ్యా, ఇది బడా, మేకల దొడ్డా? పిల్లలు బయటికి చూస్తూ కూర్చుంటే చదువేం వస్తుంది? బళ్లకి మన దగ్గర ప్లాను ఉందిగా. కిటికీ మూడున్నర అడుగుల మీద. ఆ ప్లానునే మక్కీకి మక్కీ దించెయ్."

ఆ తల్లి చెప్పిన మాట ఆయనకు చెప్పాలి. నోటి దాకా వచ్చింది. కానీ నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "చిత్తమండి" అన్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకు కొత్త ప్లాను ఆయన బల్ల మీద ఉంది. గీత ఎక్కడా వంకర పోలేదు. అదీ నా ప్రతాపం!

ఏడాది తిరిగేసరికి బడి లేచింది. తెరిచే రోజున నేనూ వెళ్లాను. తోరణాలు కట్టారు, ఉపన్యాసాలు ఇచ్చారు, కట్టడం ఎంత దిట్టంగా ఉందో అని పెద్దలందరూ గోడలు తట్టి చూశారు. పిల్లలు మాత్రం మెట్లను చేతులతో పాకి ఎక్కారు. ఆ పిల్ల తిన్నగా కొల్లేరు వైపు గోడ దగ్గరికి వెళ్లి మునివేళ్ల మీద నిలబడింది. దాని కళ్ల ముందు సున్నం తప్ప ఏమీ లేదు. గోడకు రెండు చేతులూ ఆనించి ఏడుపు లంకించుకుంది.

తల్లి పరుగున వచ్చి ఎత్తుకుంది. నన్ను చూసి ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

"ఏవనుకోకండి బాబుగారూ. తమరు కొలిచే కట్టించారు. ఏడాదైనా ఇదే ఎదగలేదండి. తిండి సరిగ్గా పెట్టలేకపోయానండి."

తప్పు నాదని అప్పుడైనా చెప్పవచ్చు. ఇంజనీరుగారు నాలుగడుగుల దూరంలో ఉన్నారు.

"పై ఏటికి అందుతుందిలే" అన్నాను.

ఆమె నాకు దణ్ణం పెట్టి, పిల్లను చంకనేసుకుని దోనె ఎక్కింది.